సగం బొమ్మ

కిందటి వారం మనం లెక్కలమ్మను వదిలిపెట్టి వచ్చింది ఆఫీసులో, ఆమె కుర్చీలోనే. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. కంప్యూటరు తెర మీద తానే గీసిన పాత బొమ్మను చూస్తూ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

పిండిలోనో మందుల పొడిలోనో కలిసిపోయిన ఇనుపరజనును లాగేసే పెద్ద అయస్కాంత యంత్రాలు తయారుచేసే కార్ఖానా అది. రెండు బరువైన పలకలు, వాటి నిండా అయస్కాంతపు దిమ్మలు, ఒకదాని ముఖం ఒకటి చూస్తూ ఉంటాయి. మధ్య సందులోంచి పొడి జారుతుంది. అడుగు పలకను బల్లకు బిగించి, పై పలకను నాలుగు పొడవాటి బోల్టుల మీద నిలబెట్టి, ఆ బోల్టుల్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ కిందికి దించాలి. దగ్గరయ్యే కొద్దీ రెండు పలకలూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ లాగుడు ఎంతో ముందే కట్టి చెప్పడం లెక్కలమ్మ పని. ఆమె చెప్పింది నమ్మి పలకలు కలపడం అక్కడే హెడ్ ఫిట్టరుగా ఉన్న ఆమె బాబాయి పని. పంతొమ్మిది రోజుల కిందట, ముప్పై ఒకటో తిప్పు దగ్గర, బోల్టుల మర జారిపోయింది. పై పలక ఒక్కసారిగా కింద పడింది. బాబాయి కుడిచేయి మణికట్టు దాకా పోయింది.

కంపెనీ విచారణలో బాబాయి తన అజాగ్రత్తే కారణమని రాసిచ్చినా నమ్మక, ఇన్ని వారాలుగా ఆమె ఆ బోల్టుల వెంటే పడింది. నాసిరకం ఇనుము కొన్నాడని స్టోర్సు ఆయన్ని నలుగురిలో నిలువునా కడిగేసింది. మీలో కొందరు నాకు ఉత్తరాలు కూడా రాశారు, ఆ స్టోర్సు ఆయన్ని జైల్లో పెట్టించమని. ఏం చేద్దాం, మనందరం ఆయనకు క్షమాపణ చెప్పుకోవాల్సిందే. బోల్టులు మేలురకానివే. తప్పు బొమ్మలో ఉంది.

అయస్కాంతాల లాగుడు ఒక్క సూత్రంతో తేలేది కాదు. బొమ్మ గీసి, దాన్ని వేల చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో అయస్కాంత బలం ఎటు ఎంత పోతోందో కట్టి, అన్నీ కూడాలి. ఇనుమునే కాదు, చుట్టూ ఉన్న గాలిని కూడా ముక్కలు చేయాలి. 'గాలిని కోసి జీతం తెచ్చుకుంటోంది మా పిల్ల' అని పిన్ని ఇరుగుపొరుగుకు చెప్పి నవ్వేది. ముక్కలు ఎక్కువైతే కంప్యూటరు రోజంతా మూలుగుతుంది. అందుకని యంత్రం కుడి సగం, ఎడమ సగం అచ్చంగా ఒకేలా ఉంటే సగమే గీస్తారు. వచ్చిన జవాబును రెండింతలు చేస్తే సరిపోతుంది. లెక్కలమ్మ మూడేళ్ళు వాడిన పాత సాఫ్ట్‌వేర్ ఆ రెండింతలు తనంతట తానే చేసేది. ఈ ఏడాది వచ్చిన కొత్తది చేయదు. ఒక గడి చూపించి, ఎన్ని రెట్లు చేయాలో నువ్వే రాయమంటుంది. ఆ గడిలో మొదటి నుంచీ ఒకటి అని ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

కాగితం మీద ఆరువందల ఇరవై కిలోలని వెళ్ళింది. అసలు లాగుడు పన్నెండువందల నలభై. బోల్టుల్ని తొమ్మిదివందల ముప్పై కిలోలు ఆపేలా చేయించారు, కావలసిన దానికన్నా ఎక్కువే ఇచ్చామని మురిసిపోతూ.

ఇదీ సంగతి. ఇప్పుడు కథలోకి వద్దాం.

లెక్కలమ్మ తెర ఆర్పేసి, సంచి భుజాన వేసుకుని లేచింది. డిజైను గదికి పెద్ద అయిన కళ్ళజోడు సారు తన బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నాడు. ఒక జత కళ్ళజోడు ముక్కు మీద, ఇంకో జత నుదుటి మీద ఉంటాయి కాబట్టి ఆయనకా పేరు. ఆమె కట్టిన ప్రతి లెక్క కిందా 'సరిచూశాను' అని సంతకం చేసేది ఆయనే.

"ఒంట్లో బాగాలేదు సార్. ఇంటికి వెళ్తాను."

"వెళ్ళమ్మా," అన్నాడు తల ఎత్తకుండానే. ఏమైందని కూడా అడగలేదు. ఇదివరకు తుమ్మితే మాత్ర ఇచ్చే మనిషి. ఆమెకు అది ఆలోచించే స్థిమితం లేదు.

బస్సులో ఇరవై నిమిషాలూ ఒకే మాట తల్లో తిరిగింది. ఎలా చెప్పడం? చెప్పకపోతే ఎలా? బస్సు దిగి మూడో అంతస్తుకు మెట్లు ఎక్కింది. ఈ మెట్ల మీదే తన ఎనిమిదో ఏట, తల్లీ తండ్రీ ఇద్దరూ పోయాక, బాబాయి వేలు పట్టుకుని ఎక్కి వచ్చింది. పిన్నికి తెల్లవారుజామునే డ్యూటీ ఉండేది. అందుకని బడికి పంపే పని, జడలు వేసే పని బాబాయికి పడింది. వైరు మెలిపెట్టినట్టు బిగించి వేసేవాడు. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు.

తలుపు తీసే ఉంది. బాబాయి కిటికీ పక్కన పీట మీద కూర్చుని, ఒక బోల్టును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో దానికి నట్టు ఎక్కించాలని తంటాలు పడుతున్నాడు. నట్టు జారి నేల మీద దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలి దగ్గర ఆగింది.

"ఏంటే, ఈ వేళప్పుడు? ఆఫీసు కాలిపోయిందా?"

ఆమె నట్టు తీసి ఆయన చేతికిచ్చింది. చెప్పడానికి దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"బాబాయ్, బోల్టులు మంచివే."

"మంచివే," అన్నాడు ఆయన, నట్టును మళ్ళీ మర మీద పెడుతూ.

"నీకు తెలుసా?"

"ముప్పై ఏళ్ళ నుంచి అవే తిప్పుతున్నా. చెడ్డ బోల్టు చేతికి తెలియదా?"

"మరి తెలిసి నాకెందుకు చెప్పలేదు? నేను ఆ స్టోర్సు ఆయన్ని అన్నేసి మాటలంటుంటే..."

"ఆయనకు నేను ఫోను చేసి చెప్పాలే. పిల్ల మనసు బాగాలేదు, పట్టించుకోకండి అన్నా."

ఆమె ఆయన ఎదురుగా నేల మీద కూలబడింది. వంటింట్లో పిన్ని గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తప్పు నా లెక్కలో ఉంది బాబాయ్. సగం బొమ్మే గీశాను. రెండింతలు చేయడం మరిచిపోయాను. నేను ఆరువందల ఇరవై అని రాసింది, అసలు పన్నెండువందల నలభై."

చెప్పేసింది. పిడుగు పడుతుందనుకుంది. బాబాయి నట్టు తిప్పడం ఆపాడు.

"రెండింతలా," అన్నాడు చివరికి. "అదీ సంగతి. సరిగ్గా ఎంతో తెలియలేదు గానీ, తేడా ఉందని నాకు ఆ రోజే తెలుసు."

"ఆ రోజే అంటే?"

"అదే రోజు. గంట మూడుసార్లు కొట్టా, తలుపు గడియ పెట్టా, తిప్పడం మొదలెట్టా. ఇరవై తిప్పులయ్యేసరికి చేతికి తెలిసిపోయింది. బోల్టు బరువుగా తిరుగుతోంది. ఆరువందల బరువు కాదది. ఆ బరువు నేనెరుగుదును."

"మరి ఎందుకు ఆపలేదు?" ఆమె గొంతు కీచుమంది.

బాబాయి గోడ వైపు చూపించాడు. మేకుకు ఆయన పాత స్ప్రింగు కాటా వేలాడుతోంది. దాని కొక్కెం అరిగి మెరుస్తోంది. పలకలు దూరంగా ఉన్నప్పుడే దాన్ని తగిలించి లాగుడు కొలిచి, కాగితం మీది అంకెతో పోల్చి చూసుకోకుండా ఆయన ఏ యంత్రానికీ చేయి పెట్టేవాడు కాదు. కొలవడానికి సగం పూట పట్టేది. కళ్ళజోడు సారు ఎన్నిసార్లు విసుక్కున్నా వినేవాడు కాదు. ఆయన చాదస్తం కార్ఖానా మొత్తానికీ వేళాకోళమే.

"దాన్ని ఆ రోజు తీసుకెళ్ళలేదు," అన్నాడు. "నా చేతికి నీ కాగితం వచ్చిన మొదటి యంత్రం కదా. అంతకు ముందు నేను కలిపినవన్నీ సారు లెక్కలు. కొలవవా అని మా వాళ్ళడిగారు. మా అమ్మాయి లెక్కకు కాటా పెట్టి చూస్తానా అన్నా. గొప్పగా అన్నాలే, అందరికీ వినపడేట్టు."

లెక్కలమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"ఇరవయ్యో తిప్పు దగ్గర బరువు తెలిస్తే, నూనె సరిగా పడలేదేమో అనుకున్నా. నా చేతికి వయసైపోయిందేమో అనుకున్నా. నువ్వు తప్పు చేశావని మాత్రం అనుకోలేదే. ఆ ఆలోచనే రాలేదు."

ఆ మాట వినడం కన్నా ఆయన చెంప మీద కొట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. నాకూ అలాగే అనిపిస్తోంది. తిట్టేవాళ్ళకు ఎదురు చెప్పుకోవచ్చు, ఏడ్చి గీపెట్టవచ్చు. ఇలా నమ్మినవాళ్ళ ముందు ఏం చేస్తాం?

"మరి విచారణలో నీ అజాగ్రత్తే అని ఎందుకు సంతకం పెట్టావ్?"

"ఒక పక్కే రెండు తిప్పులు ఎక్కువ తిప్పానని చెప్పా. ఎడమచేత్తో పెట్టాగా సంతకం, కోడి గీకినట్టు వచ్చింది." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఏం చేయమంటావు? నా చేయి ఎలాగూ తిరిగిరాదు. నీ ఉద్యోగం, నీ పేరు కూడా దానితో పాటే పారేయమంటావా?"

వంటింట్లో చప్పుడు ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. తడి చేతుల నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"ఎవరి లెక్క?" అంది.

"నువ్వు లోపలికి వెళ్ళవే," అన్నాడు బాబాయి.

"ఎవరి లెక్క అని అడుగుతున్నాను."

"నాదే పిన్నీ." లెక్కలమ్మ లేచి నిలబడింది. "నా తప్పే. నా వల్లే బాబాయి చేయి పోయింది."

పిన్ని ఆమెను పైనుంచి కింది దాకా చూసింది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. పంతొమ్మిది రోజులుగా కంపెనీని, స్టోర్సు ఆయన్ని, ఇనుమును, అయస్కాంతాన్ని కనిపెట్టినవాణ్ణి కూడా వదలకుండా తిట్టిపోసింది ఆవిడ. ఇప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. పెగిలేసరికి ఒక్క మాటే వచ్చింది.

"నీకు జడలు వేసిన చేయే అది."

"నోరు ముయ్యవే!" బాబాయి అరిచాడు.

"మూయను. మీరిద్దరూ ఒకటై దాచుకుంటారు, నేను పరాయిదాన్ని. రోజూ మీ చొక్కా గుండీలు పెట్టేది నేను. మీరు పిల్లకు వినపడకుండా మూలిగేది వినేది నేను. నాకైనా చెప్పాలనిపించలేదా మీకు?"

 కింద వీధిలో ఏదో బండి హారను కొడుతూ పోయింది. లెక్కలమ్మ ఏడవలేదు. ఏడుపు రావడానికి కూడా కొంత చోటు కావాలి, ఆమె లోపల అంత చోటు మిగల్లేదు. ఆమె మెల్లగా, ఒక్కో మాటా పేర్చుకుంటూ అంది.

"రేపు పొద్దున్నే వెళ్ళి రాసిస్తాను. తప్పు నాదని."

"ఎవరడిగారు నిన్ను? విచారణ అయిపోయింది. కాగితాలు మూసేశారు."

"అందుకే రాయాలి బాబాయ్. నీ తప్పని నువ్వు రాసిచ్చావు కాబట్టి నా లెక్క రైటయిపోయింది. రెండో యంత్రానికీ అదే కాగితం, అదే కొలత బోల్టులు. ఇంకొకడు వెళ్ళి తిప్పుతాడు. అదే ముప్పై ఒకటో తిప్పు."

బాబాయి ముఖంలో రంగు మారింది. ఈ మనిషి ముప్పై ఏళ్ళలో ఎన్ని యంత్రాలు కలిపాడో ఆయనకే లెక్క తెలియదు. కానీ తన అబద్ధం ఆ రెండో యంత్రం దాకా పోతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. పిల్లను కాపాడానని గుండె మీద చేయి వేసుకుని నిద్రపోతున్నాడు.

"రెండోది ఎప్పుడు?" అన్నాడు.

"సోమవారం అన్నారు. ఇంకా నాలుగు రోజులుంది."

"సోమవారం ఏంటి?" పిన్ని గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "ఇవాళే కదా! తమ్ముడు పొద్దున ఫోను చేశాడు. లారీ రేపే వస్తుందట, ముందుకు జరిపారట. బావ చోట నన్నే నిలబెడుతున్నారక్కా, రెండింటికి మొదలు, అన్నాడు."

పిన్ని తమ్ముణ్ణి కార్ఖానాలో చిన్న మేస్త్రి అంటారు. పదిహేనేళ్ళుగా బాబాయి పక్కనే నిలబడి పని నేర్చినవాడు. లెక్కలమ్మకు మావయ్య. ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

గోడ గడియారంలో రెండింటికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది.

"వాడు ఆసుపత్రికి వచ్చి అడిగాడే," అన్నాడు బాబాయి. "కాగితంలో ఏమన్నా తేడా ఉందా బావా అని, చెవిలో అడిగాడు. కాగితం బంగారం, తప్పు నాదే, కళ్ళు మూసుకుని తిప్పుకో అన్నా. నా నోటితో అన్నా."

పిన్ని అప్పటికే తమ్ముడికి ఫోను చేస్తోంది. అవతల మోగుతూనే ఉంది. మోగుతూనే ఉంటుంది కూడా. అయస్కాంతాల గదిలోకి ఫోనులు, గడియారాలు, తాళాలు ఏవీ పోనివ్వరు. గది బయట ఒక చెక్కపెట్టెలో అన్నీ వదిలేసి వెళ్ళాలి. ఆ పెట్టెలో చిన్న మేస్త్రి ఫోను ఒంటరిగా మోగుతోంది.

లెక్కలమ్మ డిజైను గది నంబరు నొక్కి, ముగ్గురికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టింది. నాలుగోసారికి కళ్ళజోడు సారు ఎత్తాడు.

"సార్, రెండో యంత్రం ఆపించండి."

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదన్నావు..."

"ఆపించండి సార్. నా లెక్క తప్పు. సగం బొమ్మ గీసి రెండింతలు చేయలేదు. బాబాయి తప్పేమీ లేదు. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను."

 ఆయన నుదుటి మీది కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టిన చిన్న చప్పుడు వినిపించింది.

"తెలుసమ్మా," అన్నాడు.

"ఏంటి సార్?"

"ప్రమాదం జరిగిన మర్నాడే మొత్తం బొమ్మ గీసి చూశాను. నీ సంతకం కింద నాది ఉంది కదా. నేను చూడకుండానే పెట్టాను. నువ్వు తప్పు చేయవని." అన్నాడు. "లావు బోల్టులు చేయించమని చెప్పాను, శనివారానికి వస్తాయి. సోమవారం లోపల మార్చేస్తే ఇక ఎవరికీ ఏ హానీ ఉండదు కదా అని..."

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. చేయి పోయినవాడు దాచాడు, సంతకం పెట్టినవాడు దాచాడు. ఇద్దరూ మంచివాళ్ళే, అదే నాకు ఒళ్ళు మండించే సంగతి.

"సార్, కలిపేది సోమవారం కాదు. ఇవాళే. రెండింటికి. మా మావయ్య నిలబడుతున్నాడు."

"లేదమ్మా, సోమవా..."

ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. రిసీవరు బల్ల మీద పడి దొర్లిన చప్పుడు. తర్వాత చెప్పుల చప్పుడు, దూరమవుతూ. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. డిజైను గది రెండో అంతస్తులో ఉంది. అయస్కాంతాల గది ఆవరణకు ఆ చివర. గంట కొట్టాక దాని తలుపుకు లోపల గడియ పెడతారు.

ఫోను తెరిచే ఉంది. ముగ్గురూ దాని మీదికి వంగారు.

ఆవరణలో అందరికీ వినపడేలా కట్టిన ఇత్తడి గంట అది. ఫోనులో సన్నగా వినిపించింది. ఒకటి. పిన్ని లెక్కలమ్మ చేయి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. రెండు. తర్వాత కాస్త ఆలస్యమైంది. మూడోది కొట్టకూడదని ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

మూడోదీ మోగింది.

బాబాయి ఎడమచేయి దానంతట అదే పైకి లేచి, గాలిలో లేని స్పానరును పట్టుకుంది. ఒక తిప్పు అంటే నాలుగు బోల్టులూ తిప్పడం. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు. ఎక్కడ నిలబడాలో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో ఆ ఒంటికి తెలుసు.

"ఒకటి," అన్నాడు. ఆగి, "రెండు," అన్నాడు.

ఎవరూ ఆయన్ని ఆపలేదు. ఫోనులో ఖాళీ గది హోరు తప్ప ఇంకేమీ లేదు. పది దాటింది. పదిహేను దాటింది. లెక్కలమ్మ మనసులో డిజైను గది మెట్లు దిగుతోంది, ఆవరణ దాటుతోంది, ఆ తలుపు రెండు చేతులతో బాదుతోంది.

ఇరవై దగ్గర బాబాయి ఆగాడు.

"ఇప్పుడు వాడి చేతికి తెలుస్తుంది, బరువు తేడా," అన్నాడు. "వాడు చేతిని నమ్ముతాడో, నా మాట నమ్ముతాడో."

పిన్ని ఫోనును చెవికి ఆనించుకుంది. బాబాయి మణికట్టు మళ్ళీ కదిలింది.

"ఇరవై ఒకటి."